నలుపు ఎక్కడిది

పెరంబూరు, రైల్వే షెడ్డు వెనక వీధి.
సంఘం హాల్లో ఆరున్నరకీ ఉక్క తగ్గలేదు.
రాజవేణి ఇడ్లీకొట్టు మూతబడి పదమూడు రోజులు.
ప్లాస్టిక్ కుర్చీలు నలభై, వాటిలో కొందరు బాకీదార్లు,
రోజుకు పన్నెండొందల అద్దె ప్రొజెక్టరు,
దాని పక్కన మునిరత్నం మావ,
మావ వెనక వైరు చుట్టలతో నేను.

బల్ల పొట్టిది. మిషన్ మూతి పైకెత్తితే
గోడ మీద బొమ్మ పైన వెడల్పు, కింద సన్నం,
నెత్తిన గంపతో నిలబడ్డట్టు.
కీస్టోన్ బటన్ మీద వేలు పెట్టానో లేదో
మావ నా చేతిమీద చిన్నగా కొట్టాడు.
"దాన్ని సరిచెయ్యమంటే బొమ్మను నొక్కేస్తుందిరా,
ఎన్ని చుక్కలు చస్తాయో లెక్క ఉండదు.
ముందు ఎత్తు చూడు."
బల్ల మీద స్టూలు వేశాం. ఇంకా రెండంగుళాలు తక్కువ.
కొట్టు పద్దుపుస్తకాలు రెండు తెచ్చాడు గజపతి, ఆమె కొడుకు.
వీధి అప్పుల మీద కూచుని
బొమ్మ నాలుగు మూలలా కుదురుకుంది.

"ఫోకస్ ముఖం మీద చూడకు.
తెలిసిన ముఖం మసకగా ఉన్నా తెలిసినట్టే ఉంటుంది.
అక్షరం చూడు."
ఆమె వెనక పలక మీద సుద్దతో రాసిన ధర.
రింగు తిప్పాను, కాస్త దాటిపోయి వెనక్కొచ్చాను.
రెండు రూపాయలు. ఏ కాలం ఫొటోనో అది!

రంగు దగ్గర మావ ఆగిపోయాడు.
కుడికంటికి శుక్లం తీసి నెల. ఎడమదానికి తేదీ ఇవ్వలేదు.
ఒక కన్ను మూస్తే గోడ నీలిమందు పెట్టిన పంచె,
రెండోది మూస్తే అదే గోడ పాత పేపరు.
"ఇన్నేళ్లూ పసుపు కంటితో చూసి
ఎన్ని పెళ్లికూతుళ్లకు నీలం పులిమానో"
అని నవ్వబోయి నవ్వలేదు.
"నువ్వు చెప్పరా. ఇడ్లీ ఎలా ఉంది?"
కూల్ అన్నాను, సున్నంలా ఉంది.
వార్మ్ అన్నాను, పాచిపోయినట్టుంది.
మధ్యలో ఎక్కడో, పేరులేని ఒక మెట్టు దగ్గర
ఇడ్లీ ఇడ్లీ అయింది.
"చాలు. ఇంక దేన్నీ ముట్టుకోకు."

ముట్టుకున్నాను.
"అమ్మ మరీ నల్లగా పడుతోంది, బ్రైట్‌నెస్ పెంచన్నా"
అన్నది గజపతే. యాభై. అరవై. డెబ్బై అయిదు.
ఆమె జుట్టు బూడిదైంది.
పొయ్యి వెనక మసి ఎవరో కడిగేసినట్టు,
చెంపల మీద కిలో పౌడరు.
చివరి వరసలో పాలాయన పక్కవాణ్ణడిగాడు,
"ఎవరీమె?"

మావ రిమోట్ లాక్కున్నాడు.
"బ్రైట్‌నెస్ అంటే దీపం కాదురా,
నలుపు ఎక్కడ మొదలవ్వాలో గీసే గీత.
అది లేపితే నల్లనివన్నీ నీళ్లు కలిసిన సిరా.
తెలుపు ఎక్కడ ఆగాలో కాంట్రాస్ట్ చెబుతుంది.
దాన్నీ వదిలెయ్, ఇడ్లీల అంచులు పోతాయి."
గజపతి వైపు తిరిగాడు.
"ఈ పెట్టెలో నలుపు లేదు తమ్ముడూ.
ఏ కంపెనీవాడూ పెట్టలేదు.
వెలుగు వెయ్యకుండా వదిలిన గోడే నలుపు.
ఆ ట్యూబులైటు వేసినంతసేపూ
మీ అమ్మ రాదు."

ఎవరూ లేవలేదు. ఫ్యాన్ల చప్పుడు.
చివరికి గజపతే వెళ్లి స్విచ్చు నొక్కాడు.

వచ్చింది.
తుమ్మమొద్దు నలుపు. నుదుట చెమట
ఒక్కో చుక్కా విడిగా.
కుడి మణికట్టు మీద, గాజు పైన,
ఆవిరికి కాలిన మచ్చ:
నలుపులో ఇంకొంచెం నలుపు.
పాలాయన ఏమీ అడగలేదు.
కుర్చీ చప్పుడవకుండా కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

అయ్యాక ప్లగ్గు పీకబోతే మావ ఆపాడు,
లోపలి ఫ్యాను ఆగేదాకా ఉండాలి.
ఉన్నాం.
పద్దుపుస్తకం అట్ట మీద రబ్బరు కాళ్ల గుంటలు.
గజపతి దాన్ని తుడిచాడు, తెరవలేదు.
బస్టాపులో మావ
వీధిదీపాన్ని ఈ కంటితో ఒకసారి, ఆ కంటితో ఒకసారి చూస్తూ
రెండు బస్సులు వదిలేశాడు.